తలగుడ్డ కింది చరిత్ర

అమెరికాలో ఆడవాళ్ళ జుట్టు మీద చట్టం చేశారంటే మనవాళ్ళు ఒక పట్టాన నమ్మరు. 1786లో, లూసియానా ఇంకా స్పెయిన్ ఏలుబడిలో ఉన్నప్పుడు, ఎస్తెబాన్ మిరో అనే గవర్నరు ఆ పని చేశాడు. న్యూ ఆర్లీన్స్‌లో బానిసత్వపు సంకెళ్ళు లేకుండా బతుకుతున్న నల్లజాతి స్త్రీలు జుట్టుని రకరకాలుగా అలంకరించుకుని వీధుల్లో తిరగడం తెల్లదొరలకి కంటగింపయింది. ఇకమీదట వాళ్ళు తలకి గుడ్డ కట్టుకునే బయటికి రావాలన్నాడు. కట్టుకున్నారు. కాకపోతే మంచి మంచి రంగుల బట్టలు తెచ్చి, ముడుల్లో కొత్త సొగసులు పోయి కట్టుకున్నారు. తక్కువ చేయడానికి పెట్టిన గుర్తు ఆ ఊరి ఫ్యాషనయి కూర్చుంది.

మేముండే ఇండియానాపోలిస్‌లో, ఇండియానా ఎవెన్యూ మీద 1927లో తెరిచిన థియేటరొకటి ఉంది. దానికి మేడమ్ వాకర్ పేరు పెట్టారు. కారులో దాని ముందునుంచి ఎన్నోసార్లు వెళ్ళినా ఆ పేరు ఎవరిదో నేను పట్టించుకోలేదు. మా ఆఫీసులో నాకన్నా వయసులో పెద్దావిడ, నల్లజాతి స్త్రీ, "మా నాయనమ్మ ఆవిడ కంపెనీ సరుకు ఇంటింటికీ తిరిగి అమ్మేది" అని చెప్పాక పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను.

ఆవిడ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలోని డెల్టా అనే ఊళ్ళో పుట్టింది. అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్ళు. ఏడేళ్ళకే అనాథ, పద్నాలుగేళ్ళకి పెళ్ళి, ఇరవై ఏళ్ళకి వైధవ్యం. సెయింట్ లూయిస్ చేరి ఇంటింటి బట్టలూ ఉతికి కూతుర్ని చదివించుకుంది. ఆ రోజుల్లో ఇళ్ళలో నీళ్ళ కుళాయిలు లేని పేదవాళ్ళు తల రుద్దుకునేది ఎప్పుడో గాని కాదు. చుండ్రు, మాడు మీద పుళ్ళు, ఊడే జుట్టు ఇంటింటా ఉండేవి. సారాకీ ఊడింది. అదే ఊళ్ళో అలాంటి మందులు తయారుచేసే ఆనీ మలోన్ అనే మరో నల్లజాతి స్త్రీ సరుకు కొన్నాళ్ళు అమ్మి, 1905లో డెన్వర్ వెళ్ళి, వాకర్ అనే ఆయన్ని చేసుకుని, ఆ పేరుతోనే సొంత వ్యాపారం పెట్టింది. 1910లో మా ఊరు వచ్చి ఫ్యాక్టరీ కట్టింది. ఆవిడ చెప్పిన వైద్యంలో మొదటి మాట, తల శుభ్రంగా కడుక్కోమని. తర్వాత గంధకం కలిపిన లేపనం.

నాకు ఇంకా నచ్చిన సంగతి వేరే ఉంది. 1917లో తన ఏజెంట్లందరినీ ఫిలడెల్ఫియాలో సమావేశపరిచింది. నల్లవాళ్ళని మూకలు పట్టి చంపుతున్న రోజులవి. జుట్టు మందు అమ్ముకునే ఆ ఆడవాళ్ళు, ఆ హత్యలని ఆపే చట్టం చేయమని ప్రెసిడెంటు విల్సన్‌కి టెలిగ్రామ్ పంపారు.

ఆ తర్వాత కథ అంత సాఫీగా నడవలేదు. పొయ్యి మీద కాల్చిన ఇనప దువ్వెనతో జుట్టు తిన్నగా చేయడం ఇంటింటి అలవాటయింది. తర్వాత రసాయనాలొచ్చాయి. వాటిలో కొన్నిటి అసలు సరుకు సోడియం హైడ్రాక్సైడ్, అంటే మన కాస్టిక్ సోడా. 1960లలో పౌరహక్కుల పోరాటాల వేడిలో చాలామంది అవన్నీ అవతల పారేసి, పుట్టుకతో వచ్చిన జుట్టుని కిరీటంలా పెంచారు. కానీ ఉద్యోగాలిచ్చేవాళ్ళు మారలేదు. మాడుని అంటిపెట్టుకుని సాళ్ళుగా అల్లే జడలు వేసుకోనివ్వలేదని రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద కేసు వేస్తే, 1981లో ఫెడరల్ కోర్టు కంపెనీ పక్షమే చెప్పింది. చర్మం మార్చుకోలేరు, జడ మార్చుకోవచ్చు కదా అన్నది కోర్టు ధోరణి. జుట్టుని బట్టి వివక్ష చూపకూడదని మొదటి రాష్ట్రంగా కాలిఫోర్నియా 'క్రౌన్ యాక్ట్' చేసింది 2019లో.

జుట్టు తిన్నగా చేసుకోవడం వెనక ఇంకో భయం కూడా ఉందని 2022లో బయటపడింది. 33,497 మంది స్త్రీలని దాదాపు పదకొండేళ్ళు గమనించిన అధ్యయనమది. జుట్టు తిన్నగా చేసే మందులు ఎన్నడూ వాడనివాళ్ళలో డెబ్భై ఏళ్ళు వచ్చేలోపు గర్భాశయ క్యాన్సర్ వచ్చేవాళ్ళు నూటికి 1.64 అయితే, తరచుగా వాడేవాళ్ళలో 4.05 అని అంచనా వేశారు. ఆ మందులే కారణమని తేల్చలేదు గాని, సంబంధముందని చూపించారు.

ఈ చరిత్రలో మన వాటా కూడా కొంత ఉంది. పెళ్ళయిన కొత్తలో నేను తిరుమలలో తలనీలాలిచ్చాను. దేవస్థానం అలాంటి జుట్టుని వేలం వేస్తుంది. అందులో కొంత సముద్రాలు దాటి, 'ఇండియన్ హెయిర్' పేరుతో ఇక్కడ సవరాలవుతుంది. 2009లో క్రిస్ రాక్ 'గుడ్ హెయిర్' అనే డాక్యుమెంటరీలో ఈ ప్రయాణం చూపించాడు. మనం అహంకారం వదులుకోవాలని ఇచ్చిన జుట్టుని ఇక్కడ కొందరు ముచ్చటపడీ, కొందరు ఉద్యోగంలో ఎవరి నోటా పడకుండా ఉండడానికీ వందల డాలర్లు పోసి కొనుక్కుంటారు.

అయినా మన పిల్లల పుట్టినరోజు పార్టీల్లో, క్లాసులో చదివే నల్లపిల్ల వస్తే, "ఈ జుట్టు అసలు కడుగుతారా?" అని తెలుగులో గుసగుసలాడుకునే మాట నేను విన్నాను. జవాబు మా ఆఫీసు ఆవిడ దగ్గర తెలుసుకున్నదే చెప్తాను.

కడుగుతారు. శనివారం సగం పూట దానికే పోతుంది. మన మాడులో ఊరే నూనె తిన్నని వెంట్రుక మీద చివరిదాకా జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద జారలేదు. అందుకే ఆ జుట్టు త్వరగా ఎండి, మెలిక ఉన్నచోటల్లా విరుగుతుంది. పెరగదన్నది అబద్ధం. పెరిగినది పెరిగినట్టు విరుగుతుంది. అందుకని తడిగా ఉండగానే కండిషనరు పట్టించి, ముందు వేళ్ళతో, తర్వాత పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో, చివర్లనుంచి కుదుళ్ళవైపు చిక్కు తీస్తారు. తడి ఆరకముందే నూనె గాని షియా వెన్న గాని రాస్తారు. వదులుగా పాయలు అల్లుకుని, రాత్రి శాటిన్ టోపీ పెట్టుకుని పడుకుంటారు. జడ బిగిస్తే నుదుటి దగ్గర జుట్టు శాశ్వతంగా పోవచ్చు.

ఆవిడ రసాయనాలు మానేసి, జుట్టంతా అంగుళం మిగిల్చి కత్తిరించుకుంది. అప్పుడామెకి యాభై రెండేళ్ళు. మూడేళ్ళు తిరిగేసరికి, పాయ లాగి చూపిస్తే భుజం దాటింది.