డేటాబేస్ పాస్‌వర్డ్‌ను భద్రంగా మార్చుకోవడం ఎలా?



జిగణి, బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే మీలో కొందరికి, కంప్యూటర్ నేర్చుకుంటున్న పెద్ద పిల్లలకు డేటాబేస్ కొత్తేమీ కాదు. మార్కులు, జీతాలు, ఫోన్ నంబర్లు అన్నీ అందులోనే ఉంటాయి. దాని తాళంచెవి పాస్‌వర్డ్. అయితే ఆ తాళంచెవిని మార్చేటప్పుడే అది పరుల కంట పడవచ్చు.

ఎలాగంటారా? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్‌ను తీసుకుందాం. 'ఆల్టర్ యూజర్' కమాండ్‌లో కొత్త పాస్‌వర్డ్ టైపు చేస్తే, అది ఉన్నదున్నట్టుగా సర్వర్‌కు వెళ్తుంది. సర్వర్ దాన్ని మార్చే దాచుకుంటుంది, నిజమే. కానీ ఈలోపే అది సర్వర్ లాగ్‌లోనూ, మీ కంప్యూటర్‌లోని కమాండ్ హిస్టరీలోనూ పడిపోవచ్చు. 2018 మే నెలలో ట్విట్టర్‌లో పాస్‌వర్డ్‌లు ఇలాగే లోపలి లాగ్‌లోకి చేరాయి. తమ వినియోగదారులు 33 కోట్ల మందికి పైగా ఉండగా, అందరినీ పాస్‌వర్డ్ మార్చుకోమని ఆ సంస్థ కోరింది.

దీనికి ఉపాయం: పాస్‌వర్డ్‌ను మన కంప్యూటర్‌లోనే మార్చి పంపడం. బియ్యాన్ని ఇంట్లోనే పిండి చేసి పంపినట్టు అనుకోండి. పిండి నుంచి మళ్లీ బియ్యం రావు కదా!

• పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ పెట్టి 'పాస్‌వర్డ్' అనే కమాండ్ ఇవ్వండి. అది కొత్త పాస్‌వర్డ్‌ను రెండుసార్లు అడుగుతుంది, తెరమీద చూపించదు.

• దానికి 'సాల్ట్' అనే యాదృచ్ఛిక విలువ కలిపి, మామూలుగా 4096 సార్లు లెక్క కట్టి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే సర్వర్‌కు పంపుతుంది. ఈ పద్ధతి పేరు స్క్రామ్. 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది.

• మీరే ప్రోగ్రామ్ రాస్తుంటే, 2024లో వచ్చిన 17వ వెర్షన్ లైబ్రరీలో ఈ పనికి 'పీక్యూ చేంజ్ పాస్‌వర్డ్' అనే ఫంక్షన్ ఉంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. అసలు పాస్‌వర్డ్ సర్వర్‌కు చేరదు కాబట్టి అది చిన్నదా, బలహీనమైనదా అని సర్వర్ చూడలేదు. ఆ బాధ్యత మనదే. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు పెడితే, ఆ ఫలితం దొంగ చేతికి చిక్కిన రోజున ఊహించి పట్టేస్తాడు. పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి, కనెక్షన్‌కు ఎన్‌క్రిప్షన్ తప్పకుండా ఉంచండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి. అడిగింది మీ ఆఫీసు వాళ్లయినా సరే, చెప్పొద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు