సూక్ష్మజీవి నిరోధక వస్త్ర శుద్ధి

నూలు, నార వంటి సహజ తంతువుల బట్టపై బ్యాక్టీరియా, బూజు పెరగకుండా చేసి, పలు ఉతుకులకు నిలిచే తుది శుద్ధి ప్రక్రియ ఇది. పత్తిలో అధిక భాగం సెల్యులోజ్. అది చెమటను పీల్చుకొని సూక్ష్మజీవులకు ఆశ్రయమివ్వడం వల్ల దుర్వాసన, మరకలు ఏర్పడి, దారం బలహీనపడుతుంది. దీన్ని నివారించడానికి వాడే వెండి లవణాలు బట్ట నుంచి మెల్లగా విడుదలవుతూ పనిచేస్తాయి కనుక క్రమంగా తరిగిపోతాయి. సిలేన్‌తో కూడిన క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనాలు తంతువుకు రసాయనికంగా బంధితమై, తమను తాకిన సూక్ష్మజీవి కణపు పొరను ఛేదిస్తాయి కనుక ఎక్కువకాలం మన్నుతాయి. ఇదే శుద్ధికి వాడే, రొయ్యల పెంకుల నుంచి లభించే కైటోసాన్‌ను సిట్రిక్ ఆమ్లం సాయంతో సెల్యులోజ్‌కు బంధించడానికి బట్టను ద్రావణంలో ముంచి, రోలర్ల మధ్య పిండి, ఆరబెట్టి, సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తారు. శుద్ధి మన్నికను పలుమార్లు ఉతికిన బట్టపై స్టెఫిలోకాకస్ ఆరియస్ వంటి బ్యాక్టీరియాతో పరీక్షించి నిర్ధారిస్తారు.