డెస్క్‌టాప్ మెమరీలో వచ్చిపోయే దోషం: కారణ నిర్ణయ చరిత్ర

డెస్క్‌టాప్ కంప్యూటర్ చరిత్రను గురించిన రచనలు ఎక్కువగా ప్రాసెసర్ వేగం, మెమరీ పరిమాణం చుట్టూ సాగాయి. చిప్పుకూ బోర్డుకూ మధ్యనున్న అతుకుకు వాటిలో అంతగా చోటు దక్కలేదు. ఒక రోజు కనిపించి మరునాడు మాయమయ్యే మెమరీ దోషానికి కారణాన్ని ఎలా నిర్ణయించారో తెలియాలంటే ఆ అతుకును పరిశీలించక తప్పదు.

1981 ఆగస్టులో వెలువడిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద మెమరీ చిప్పులు నాలుగు వరుసలు, వరుసకు తొమ్మిది. ఎనిమిది సమాచారానికి, తొమ్మిదవది పారిటీ పరీక్షకు. పరీక్ష తప్పగానే హెచ్చరిక చూపి యంత్రం ఆగిపోయేది. దోషం జరిగిందని ఆ పరీక్ష చెప్పగలదు, ఎందుకు జరిగిందో చెప్పలేదు. మొదటి వరుసను బోర్డుకు టంకంతో అతికించారు. తక్కిన 27 చిప్పులు సాకెట్లలో ఉండేవి. యంత్రం వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అవి వెంట్రుకవాసి పైకి జరిగేవి. మూత తీసి బొటనవేలితో అదమడమే నాటి చికిత్స.

దోషాలన్నిటికీ అతుకే కారణం కాదు. 1978లో ఇంటెల్ పరిశోధకులు టిమోతీ మే, మర్రే వుడ్స్ మరొక కారణాన్ని నిరూపించారు. చిప్పు కవచంలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియంల నుండి వెలువడే ఆల్ఫా కణాలు మెమరీ గడిలోని విద్యుదావేశాన్ని తారుమారు చేస్తాయి. ఈ ఆవిష్కరణ గొప్పది. అయితే, అంతుపట్టని ప్రతి దోషాన్నీ కణాల మీదికి నెట్టే అలవాటుకు కూడా అది ఊతమిచ్చిందనాలి. గూగుల్ సర్వర్లను పరిశీలించి ష్రోడర్, పిన్‌హీరో, వెబర్ 2009లో ప్రకటించిన అధ్యయనం ఆ అలవాటును ప్రశ్నించింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మాడ్యూళ్ళు దోషాలు చూపాయి. వాటిలో అధికభాగానికి హార్డ్‌వేర్ లోపాలే మూలమని వారు భావించారు.

చిప్పులను చిన్న పలకల మీద అమర్చి స్లాట్లలో గుచ్చే పద్ధతి వచ్చాక అతుకు స్వరూపం మారింది గాని సమస్య తీరలేదు. కొన్ని పలకల అంచులకు బంగారు పూత, కొన్ని స్లాట్ల పిన్నులకు తగరపు పూత ఉండేవి. సూక్ష్మమైన కదలికల వల్ల తగరం బంగారం మీదికి చేరి, అక్కడ ఆక్సైడ్ పొరగా పేరుకొని విద్యుత్ ప్రవాహానికి అడ్డుపడేది. మరమ్మతు దుకాణాల్లో పెన్సిల్ రబ్బరుతో అంచు రుద్దే వాడుక ఇందుకే నిలిచింది. మైక్రాను మందమైనా లేని ఆ పూతను రబ్బరు అరగదీస్తుంది కనుక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మేలు.

పరిశోధన పద్ధతి దృష్ట్యా చిక్కు ఇక్కడే ఉంది. పలకలను స్లాట్ల మధ్య మార్చి, దోషం పలకతో వెళ్ళిందా, స్లాటులోనే ఉండిపోయిందా అని చూడడం స్థిరపడిన పరీక్ష. కాని పలకను తీసి పెట్టగానే అతుకు కొత్తదవుతుంది. పరీక్షే సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. అందుచేత మొదట అదే పలకను అదే స్లాటులో తిరిగి కూర్చోబెట్టి, మెమరీ పరీక్షను గంటల తరబడి నడిపి, ఆ తరువాతే మార్పిడికి పూనుకోవాలి.

2003లో ఏఎండీ, 2008లో ఇంటెల్ తమ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోకి మెమరీ కంట్రోలర్‌ను చేర్చడంతో అనుమానితుల జాబితా పెరిగింది. ప్రాసెసర్ సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా, కూలర్ ఒకవైపే గట్టిగా బిగిసినా, ఒక చానల్‌లోని స్లాట్లు అప్పుడప్పుడు మొరాయిస్తాయి. అటువంటప్పుడు పలకలను ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. ప్రాసెసర్‌ను విప్పి చూడాల్సిందే.