రైల్వే వాళ్ల విమానాలు

మా బేగంపేటలో రైల్వే స్టేషనుకు పాత విమానాశ్రయం ఎంతో దూరం కాదు. ఆ పట్టాల మీద తిరిగిన రైళ్లకూ, ఆ మైదానం నుంచి ఎగిరిన దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలకూ ఒకప్పుడు పెద్ద దిక్కు ఒక్కటే: నిజాం స్టేట్ రైల్వే.

1932లో ఈ రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. 1945లో టాటాలతో చేయి కలిపి విమాన సంస్థ పెట్టింది. అందులో 71 శాతం వాటా రైల్వేదే. ఒకే యాజమాన్యం కింద రైలు, బస్సు, విమానం మూడూ నడిచిన ఊరు మాది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని డకోటా విమానాలు మన దేశంలో చవగ్గా అమ్మకానికొచ్చాయి. ఎన్నో చిన్న కంపెనీలు వాటితోనే పుట్టాయి. దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ డకోటాలే. రెండు ఇంజన్లు, ఒక్కోటి 1,200 అశ్వశక్తి. తోక కింద చిన్న చక్రం ఉండటంతో నేల మీద విమానం ముక్కు ఎత్తుకుని నిలబడేది; ఎక్కినవాళ్లు ఎగువకు నడిచి సీట్లు చేరుకోవాలి. మద్రాసు, బెంగళూరు, నాగపూర్, ఢిల్లీలను అవి హైదరాబాదుతో కలిపాయి.

మేం అన్నిటికన్నా గర్వంగా చెప్పుకోవలసింది ప్రేమ్ మాథుర్ సంగతి. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించినా, ఆడమనిషి అని మిగతా కంపెనీలు కాదన్నాయి. దక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగమిచ్చింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆవిడే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. రైలు, బస్సు, విమానం దారులు వేరయ్యాయి. 1951లో రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది; బస్సులు రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లాయి. 1953 ఆగస్టు 1న దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది సంస్థలు ప్రభుత్వ రంగంలోకి వచ్చాయి. దేశీయ సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేతికొచ్చాయి.

2008 మార్చిలో బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్ తరలిపోయాయి. ఆర్టీసీ చరిత్ర చెప్పేటప్పుడు ఆ 27 బస్సులను ఇప్పటికీ తలుచుకుంటారు. వాటి తోబుట్టువులైన విమానాలకు ఆపాటి తలంపు కూడా లేదు. బేగంపేట విమానాశ్రయంలో దక్కన్ ఎయిర్‌వేస్ పేరుతో, ప్రేమ్ మాథుర్ పేరుతో ఒక శిలాఫలకం పెట్టాలి. మా పిల్లలు ఈ చరిత్రను తమ ఊళ్లోనే చదువుకోవాలి.