మ్యూరెన్: ఒక హిమగ్రామపు విహారచరిత్ర

క్రిస్మసు పండుగ సమీపించుటయే తడవుగా ఐరోపాఖండమునందలి సంపన్న గృహస్థులు బిడ్డలను వెంటబెట్టుకొని ఆల్ప్సు పర్వతములకు బయలుదేరుటయు, పగలెల్ల మంచు కప్పిన వాలులపై స్కీ పలకలతో జారి, రాత్రులు కొయ్యయిండ్ల వెచ్చదనమున విందారగించి, వారము పదిదినములకు స్వస్థలములకు మరలుటయు నేడు ఎంత సాధారణమైన ఆచారమైనదనగా, అది ఆ పర్వతములంత ప్రాచీనమైనదని భ్రమపడువారు కలరు. వాస్తవమునకు దాని వయస్సు ఇంచుమించు 160 ఏండ్లు. మ్యూరెన్ వంటి కుగ్రామములందైతే అంతయు లేదు. అంతకు పూర్వము ఆ గ్రామస్థులకు శీతకాలము కారాగారవాసముతో సమానము. అట్టి ఋతువు విహారసమయముగా మారిన విధమును పరిశీలించినచో, ఒక దేశపువారి వినోదము వేరొక దేశపువారి జీవనోపాధిగా పరిణమించు క్రమము మనకు విశదమగును.

మ్యూరెన్ స్విట్జర్లాండునందలి బెర్న్ రాష్ట్రమున, లౌటర్‌బ్రున్నెన్ లోయకు పడమట, నిట్టనిలువుగా లేచిన కొండచరియ తలమీద, సముద్రమట్టమునకు సుమారు 1,650 మీటర్ల యెత్తున నున్నది. లోయకు ఆవలిదిక్కున ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ అను శిఖరత్రయము నిలిచియుండును. వానిలో యుంగ్‌ఫ్రౌ యెత్తు 4,158 మీటర్లు. క్రింద లోయలో దాదాపు 300 మీటర్ల యెత్తునుండి దూకి, నేలను చేరకముందే తుంపురులై గాలిలో చెదరిపోవు స్టౌబాఖ్ జలపాతము కలదు. 1779లో దానిని దర్శించిన జర్మను మహాకవి గోథే జలగమనమునకును మానవాత్మకును సామ్యము నిరూపించుచు ఒక గీతమును రచించెను. కవులు, చిత్రకారులు, దేశసంచారులు ఈ లోయను కీర్తించిరేకాని వారందరును వేసవి యతిథులే. మంచు కురియనారంభించిన పిదప అచ్చట ఏమి జరుగుచుండెనో చూచిపోయినవారు అరుదు.

జరుగుచుండినది ఇది. మధ్యయుగమున దక్షిణపు కనుమలు దాటి వచ్చి ఇచ్చట స్థిరపడిన వాల్సర్ జాతి కృషీవలులకు ఆవులే ఐశ్వర్యము. వేసవిలో మందలను మీది పచ్చికబయళ్లకు తోలుకొనిపోవుట, కాలు నిలువని వాలులపై కొడవళ్లతో గడ్డి కోసి యెండబెట్టి కొట్టములకు చేర్చుట, పాలను చీజుగా చేసి చలికాలమునకు దాచుకొనుట, ఈ మూడు పనులలోనే వారి సంవత్సరమంతయు ఇమిడియుండెను. శీతకాలము ప్రవేశింపగనే పశువులు కొట్టములలోను, మనుష్యులు ఇండ్లలోను ఒదిగిపోవుచుండిరి. దాచిన గడ్డి చాలునో చాలదో, ఏ రాత్రి మంచుచరియ విరిగి ఏ యింటిపై పడునో అను భయములతోనే మాసములు గడచుచుండెను. అట్టివారితో ఎవరైనను ఈ మంచును చూచుటకు పరదేశీయులు ధనమిచ్చి వత్తురని చెప్పియుండినచో నవ్వియుందురు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున ఆంగ్లేయులకు పర్వతారోహణమునందు ఆసక్తి ప్రబలెను. 1857లో లండనునందు ఆల్పైన్ క్లబ్బు స్థాపితమయ్యెను. పర్వతారోహకుల వెంట సాధారణ ప్రయాణికులును వచ్చిరి. మ్యూరెన్‌లో హోటళ్లు వెలసెను. 1891లో లౌటర్‌బ్రున్నెన్ నుండి గ్రామమునకు కొండరైలు ఏర్పడెను: నిలువు వాలున త్రాటిచే లాగబడు బండి గ్రూచాల్ప్ వరకును, అచ్చటినుండి కొండ అంచుననే సాగు చిన్న విద్యుద్రైలు గ్రామము వరకును ప్రయాణికులను చేర్చుచుండెను. కాని ఇదియు వేసవి యేర్పాటే. శరదృతువు ముగియగనే బండ్లు నిలిచిపోయెడివి, హోటళ్ల తలుపులకు తాళములు పడెడివి, గ్రామము మరల తన పూర్వస్థితికి పోయెడిది.

శీతకాలమునకు మూల్యము కట్టిన మొదటివారు రోగులును వారి వైద్యులును. 1860ల నడుమ దావోస్ అను ఊరిలో క్షయరోగులు చలికాలపు నిర్మలవాయువును సేవించుటకు చేరిరి. అదే కాలమున సాంక్ట్ మోరిట్జ్‌లో యోహన్నెస్ బద్రుట్ అను హోటలు యజమాని తన వేసవి యతిథులైన ఆంగ్లేయులతో పందెము కాసి, చలికాలమున వచ్చి సంతోషము కలుగనిచో ఖర్చులు తానే భరింతునని చెప్పి వారిని రప్పించెనని ఐతిహ్యము. ఆ యూరివారు 1864ను తమ విహారచరిత్రకు ఆదిగా నేటికిని చెప్పుకొందురు. అప్పటి వినోదములు మంచుగడ్డపై స్కేటింగును, జారుబండ్ల పందెములును మాత్రమే. స్కీ నార్వే దేశపు సొత్తు. 1888లో ఆ దేశపు సాహసయాత్రికుడు నాన్సెన్ స్కీ పలకలపై గ్రీన్లాండును అడ్డముగా దాటి, ఆ యాత్రను గ్రంథస్థము చేసిన పిదపనే మధ్య ఐరోపా యువకులు ఆ విద్యవైపు మరలిరి. 1894లో ఆర్థర్ కోనన్ డాయిల్, షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త, దావోస్‌వాసులైన బ్రాంగర్ సోదరులతో కూడి కొండకనుమ దాటి అరోసా చేరి, ఆ యనుభవమును ఒక ఆంగ్ల పత్రికలో వర్ణించుటతో ఇంగ్లండున దీనికి గొప్ప ప్రచారము కలిగెను.

ఇచ్చట కథలో మన దక్షిణదేశమునకును కొంత ప్రసక్తి కలుగుచున్నది. హెన్రీ లన్ అను మెథడిస్టు మతబోధకుడు, వైద్యుడు కూడ నైనవాడు, 1887లో క్రైస్తవమత ప్రచారమునకై భారతదేశమునకు వచ్చెను. మరుసటియేట, ఆంధ్రజిల్లాలకు కూడ రాజధానియైయుండిన మద్రాసు నగరమున అతనికి ఆర్నాల్డ్ అను కుమారుడు జన్మించెను. ఆరోగ్యము చెడి లన్ ఎక్కువకాలము నిలువక స్వదేశమునకు మరలెను. మరలి, మతప్రచారకులు ఈ దేశమున ప్రజలకు దూరముగా సుఖజీవనము సాగించుచున్నారని బహిరంగముగా విమర్శించి పెద్ద వివాదమునకు కారకుడయ్యెను. అటుపిమ్మట చీలిపోయిన క్రైస్తవశాఖలను సమైక్యపరుపదలచి 1892లో గ్రిండెల్‌వాల్డ్ అను ఆల్ప్సు గ్రామమున మతాచార్యుల సమావేశమును నెరపెను. శాఖలు కలియలేదు. కాని ఇంతమందిని పర్వతములకు చేర్చి, బస కుదిర్చి, తిరిగి యిల్లు చేర్చగల నేర్పు తనకు కలదని లన్‌కు తెలిసివచ్చెను. మతైక్యమునకై ఆరంభించిన యత్నమునుండి ఒక యాత్రావ్యాపారము పుట్టెను.

ఆ వ్యాపారమున లన్ చూపిన లోకజ్ఞత ప్రశంసనీయము. ఇంగ్లండు ఉన్నతవర్గమువారు ఒక వ్యాపారి నడుపు గుంపులో ప్రయాణికులుగా పోవుటను అవమానముగా భావింతురని ఎరిగి, అతడు తన వ్యాపారమునకు క్లబ్బు రూపమును కల్పించెను. సంపన్నుల బిడ్డలు చదువు పబ్లిక్ స్కూళ్లలోను, విశ్వవిద్యాలయములలోను చదివినవారికే అందు ప్రవేశము. కొన్ని హోటళ్లు శీతకాలమంతయు ఆ సభ్యులకే ప్రత్యేకింపబడెడివి. 1910 చలికాలమున లన్ మ్యూరెన్ రైలువారిని ఒప్పించి బండ్లను నడిపించెను; హోటలు తలుపులు మంచుకాలమున మొదటిసారిగా తెరువబడెను. నాటి విహారక్రమము నేటివారికి వింతగా తోచును: పగలు ఉన్ని దుస్తులతో మంచులో పొర్లి వచ్చిన పెద్దమనుష్యులే రాత్రి భోజనమునకు నల్లకోటులు తొడిగి, స్త్రీలు పట్టుగౌనులు ధరించి, లండనున నున్నట్లే కూర్చుండెడివారు. వాలు నెక్కుటకు యంత్రములు లేవు. అరగంట జారవలెననిన రెండుమూడు గంటలు నడచి యెక్కవలసియుండెను. 1912లో గ్రామము వెనుకనున్న ఆల్మెండ్‌హూబెల్ గుట్టకు త్రాటిరైలు వేయబడుటతో ఈ శ్రమ కొంత తగ్గెను.

మద్రాసున పుట్టిన ఆర్నాల్డ్ లన్ ఈ వినోదమునకు శాస్త్రమును కల్పించెను. 1909లో వేల్సు కొండలలో పడి కాలు విరిగి, ఆ కాలు పొట్టిదై జీవితాంతము బాధించినను అతడు స్కీని విడువలేదు. 1911 జనవరిలో మోంటానా అను ఊరికి పైనున్న హిమానీనదమునుండి దిగువకు ఒక పందెమును నడిపించెను. బహుమానపాత్ర నిచ్చినవాడు, 1880లో కాబూలునుండి కాందహారునకు సైన్యమును నడిపి, తరువాత మద్రాసు సేనకు అధిపతియై యుండిన రాబర్ట్స్ ప్రభువు. ఆ యుద్ధయాత్ర స్మృతియే 1924లో మ్యూరెన్‌లో స్థాపితమైన కాందహార్ స్కీ క్లబ్బు పేరునందును నిలిచెను. సామ్రాజ్యమును పాలించిన తరగతికే ఈ విహారమునకు వలసిన ధనమును తీరికయు ఉండెనని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

నడుమ మొదటి ప్రపంచయుద్ధము వచ్చి హోటళ్లను ఖాళీ చేసెను. అయినను 1916 మొదలు జర్మనీ చెరనుండి స్విట్జర్లాండు ఆశ్రయమునకు పంపబడిన బ్రిటిషు సైనికులలో జబ్బుపడినవారు, గాయపడినవారు పలువురు మ్యూరెన్‌లో నిలుపబడుటచే గ్రామము పస్తులుండవలసిన గతి తప్పెను. యుద్ధానంతరము, 1922 జనవరిలో, ఆర్నాల్డ్ గ్రామపు వాలుపై జెండాలను జతలుగా నాటి, వానినడుమ మెలికలు తిరుగుచు ఎవరు త్వరగా దిగుదురో వారే విజేతలని నిర్ణయించెను. అంతకుముందు మలుపులయందలి సొగసును చూచి న్యాయనిర్ణేతలు మార్కులు వేసెడివారు; ఇకమీదట గడియారమే న్యాయనిర్ణేత. ఆధునిక స్లాలోమ్ పందెము ఇట్లు జన్మించెను. 1928లో 2,970 మీటర్ల షిల్ట్‌హార్న్ శిఖరమునుండి లోయ వరకు ఇన్ఫెర్నో అను దీర్ఘపందెము మొదలయ్యెను. నార్వేవారు దూరప్రయాణమును, దుముకుటను మాత్రమే నిజమైన స్కీగా గణించి చాలకాలము ప్రతిఘటించినను, 1930లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఈ క్రొత్త పందెములను అంగీకరింపక తప్పలేదు. మరుసటి ఫిబ్రవరిలో వాని తొలి ప్రపంచపోటీలు ఈ చిన్న గ్రామముననే జరిగెను. స్త్రీలకును అందు స్థానము కలిగెను. ఎస్మే మెకినన్ అను బ్రిటిషు యువతి రెండు పందెములందును ప్రథమురాలయ్యెను.

అయితే అదే యేట పురుషుల పందెములలో గెలిచిన వాల్టర్ ప్రాగర్, డేవిడ్ జోగ్ ఇరువురును స్విట్జర్లాండువారు. ఆంగ్లేయులు నియమములు వ్రాసిరి. కొండలవారు విద్యను హస్తగతము చేసికొనిరి. మ్యూరెన్ కథయందలి సారమంతయు ఇందే కలదని నా యభిప్రాయము. గొల్లల బిడ్డలు స్కీ గురువులైరి. గడ్డికొట్టముల యజమానులు అతిథిగృహముల యజమానులైరి. వేసవిలో గడ్డి కోసిన వాలులే చలికాలమున జారుబాటలైనవి. రెండవ యుద్ధముతో ఆంగ్లేయుల సామ్రాజ్యమును, వారి క్లబ్బుల ప్రత్యేకతయు అంతరించినను గ్రామము చెడలేదు. 1967లో షిల్ట్‌హార్న్ శిఖరము వరకు తీగబండి పూర్తయ్యెను. శిఖరముపైనున్న తిరుగుడు భోజనశాల జేమ్స్ బాండు చలనచిత్రమొకదానికి రంగస్థలమై, 1969లో ఆ చిత్రము వెలువడిన పిదప లోకప్రసిద్ధి గాంచెను. ఇన్ఫెర్నో పందెమునకు ఇప్పుడు ఏటేట పద్ధెనిమిదివందలకు పైబడినవారు చేరుచున్నారు. గ్రామవాసులు నాలుగువందల చిల్లర మాత్రమే. సాధారణ ప్రయాణికుల మోటారుకార్లకు నేటికిని అచ్చటికి దారి లేదు.

ఇప్పుడు గ్రామమునకు వచ్చిన చిక్కు వేరు. పందొమ్మిదవ శతాబ్దాంతమునుండి ఆల్ప్సు ప్రాంతపు ఉష్ణోగ్రత దాదాపు రెండు డిగ్రీలు పెరిగినది. ఇది ప్రపంచపు సగటు పెరుగుదలకు ఇంచుమించు రెట్టింపు. మంచు ఆలస్యముగా కురిసి శీఘ్రముగా కరగుచున్నది. లోతట్టు ఊళ్లు యంత్రములతో మంచు చేసి వాలులపై చల్లుకొనుచున్నవి. ఎత్తున నుండుటచే మ్యూరెన్ కొంత మేలు. తాతలు మంచు అధికమగునని భయపడిన చోట మనుమలు అది తక్కువగునని భయపడుచున్నారు. పరుల తీరికమీదను, ప్రకృతి దయమీదను కూడ ఆధారపడిన జీవనోపాధికి ఈ భయము తప్పదు. అయినను ఆ గ్రామస్థులు రెండు మెలకువలు చూపిరి: బయటివారు తెచ్చిన విద్యను తమదిగా చేసికొనిరి, పశువులను, గడ్డివాలులను మాత్రము విడిచిపెట్టలేదు. విహారమునకు వచ్చువారిపై బ్రతుకదలచిన ఏ గ్రామమైనను మ్యూరెన్‌నుండి నేర్వదగినవి ఈ రెండే.