వెట్టి వేరు, సేవ వేరు

సేవ అనే మాట వింటే మా వాడలో పెద్దవాళ్లకు మొదట గుర్తుకొచ్చేది వెట్టే. చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్వడం, చావు కబురు పొరుగూళ్లకు మోసుకపోవడం, దొర బండి ముందర ఉరకడం. కూలి లేదు. ఊరి సేవకు పుట్టినోళ్లని పేరు మాత్రం ఉండేది. మా తాత దాన్ని తప్పనుకోలేదు. "మన రాత గంతే బిడ్డా" అనేటోడు. పైకులాలు మనల్ని తక్కువ చూడటం ఒక సంగతి. ఆ తక్కువతనాన్ని తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి మనమే అప్పజెప్పుకుంటూ రావడం ఇంకో సంగతి. ఈ రెండోదాని గురించి మనం రాసుకున్నది తక్కువ.

అందుకే నాకు భాగ్యరెడ్డి వర్మ కావాలి. 1888లో హైదరాబాదులో మాలల ఇంట పుట్టిన మాదరి భాగయ్య ఆయన. రెడ్డి అంటే రేడు, ఈ నేలను ఏలిన మూలవాసులు మీరే అంటూ ఇంటిగురువు పేరు మార్చాడని చెబుతారు. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. (ఈ పేరు చూసి మన పిల్లలు ఆయన్ను ఎవరో దొర అనుకుంటారు. మన చరిత్ర మనకు అందిన తీరు ఇది!)

1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో మొదలుపెట్టాడు. చదువురాని వాడలకు కథతోనే కదా పోవాలి. 1911లో అది మన్య సంఘమైంది. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా నగరాన్ని ఊడ్చేసిన రోజుల్లో ఆయన కార్యకర్తలు రోగుల దగ్గరికి పోయారు, శవాలను సాగనంపారు. చావుపని మనకు కొత్తదా? కాదు. తరతరాలుగా మన నెత్తిన రుద్దిందే. కానీ ఈసారి ఎవడూ కేకేసి పిలవలేదు. తమంత తామే పోయారు. వెట్టికీ సేవకూ తేడా నాకక్కడే కనపడుతుంది.

బయటోడితో కొట్లాట ఒక లెక్క, ఇంటోడితో కొట్లాట ఇంకో లెక్క. ఆడపిల్లను దేవుడి పేరున జోగినిగా, మురళిగా విడిచే ఆచారం మన ఇండ్లల్లోనే ఉండె. దాన్ని ఆపాలని ఆయన వాడవాడ తిరిగాడు. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో మన పిల్లలకు తెలుగు బడులు పెట్టాడు. 1910లో మొదలైన ఈ పని పాతిక దాకా బడులకు, రెండు వేల మంది పిల్లలకు పాకింది.

1917లో బెజవాడలో పంచమ మహాసభ. అధ్యక్షుడు ఆయనే. పంచములన్న మాట మనకొద్దు, మనం అయిదోవాళ్లం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం అన్నాడు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభ అయింది. అంటరానోళ్లు లోపలికొస్తారన్న భయంతో ఆ మూడు రోజులు కనకదుర్గ గుడి మూసేశారు. ఎవరికి ఎవరంటే భయం పట్టుకుందో చూడండి. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యం ఆది హిందువులన్న పేరు రాసుకుంది. ఆయన 1939లో పోయాడు.

ఆయన చెప్పిందంతా నేను ఒప్పుకోను. మాంసం మానితే, కల్లు మానితే గౌరవమొస్తుందన్న దారి ఎవరి ఇంటి ముందరికి తీసుకపోతుందో మనకు తెలుసు. తిండిలో తప్పు లేదు, తప్పుబట్టిన కంట్లో ఉంది. ఇంకొకటి, ఆ సభల పగ్గాలు చాలావరకు మాలల చేతుల్లోనే ఉన్నాయి. నేను మాలోణ్ణే కాబట్టి ఈ మాట నేనే అనాలి. 1994లో దండోరా మోగితేగానీ ఇది మనలో చాలామందికి వినపడలేదు. వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు అనడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది.

మా నాయనమ్మ మాదిగోళ్ల ఇంట్ల మంచినీళ్లు తాగేది కాదు. ఊరోళ్లు మనకు దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోస్తే తిట్టుకునేది ఆమెనే. సాక్షరత ఉద్యమం నడిచిన 90లలో నేను మాదిగవాడలో రాత్రిబడి పట్టుకున్నాను. "అక్కడ నీళ్లు తాగినవారా?" అని రోజూ అడిగేది. "తాగిన, బువ్వ గూడ తిన్న" అనేటోణ్ణి. కొన్నాళ్లు నా చెంబు పక్కకు పెట్టింది. నా బట్టలు వేరుగా ఆరేసింది. నేను పోవడం మానలేదు. మెల్లమెల్లగా అడగడం మానింది. తరవాత లాంతర్లోకి గాసునూనె ఆమెనే పోసిచ్చేది. మారిందని నేననను, అలవాటు పడ్డది.

ఆ బడికి పదిహేను ఇరవై మంది వచ్చేవాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. నాట్లేసి వచ్చిన చేతులు, వేళ్ల సందుల ఒరుసుకపోయి ఉండేవి. వాచకంలో ఉన్నది నేను నేర్పబోతే ఒక పెద్దమ్మ రేషన్ కార్డు ముందర పెట్టింది. ఊరందరూ పిలిచిన సగం పేరే అందులో ఉంది, చివర 'మ్మ' లేదు. అ ఆలు తరవాత జూస్తం కొడుకా, ఆ ఒత్తు ఎట్ల రాస్తరో ముందుగాల అది నేర్పు అన్నది.