మూడు గంటల రైలు ఎవరికి అందింది?

పండక్కి ఇంటికెళ్ళే టికెట్ దొరక్క పడే అవస్థ మనకు కొత్త కాదు. ఈసారి చైనా వలస కార్మికుల కథ చెప్పుకుందాం.

అక్కడ కొత్త సంవత్సరం పండగకి ముందూ వెనకా కలిపి 40 రోజుల ప్రయాణాల సీజన్ ఉంటుంది. దాన్ని చున్‌యున్ అంటారు. గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామంది ఏడాదికోసారి పిల్లల్ని చూసేది అప్పుడే. 2008 జనవరిలో మంచు తుఫానుకి హునాన్‌లో కరెంటు లైన్లు తెగి రైళ్ళు ఆగిపోయాయి. గ్వాంగ్‌జౌ స్టేషన్ దగ్గర లక్షల మంది మూటాముల్లెలతో చలిలో రోజుల తరబడి ఎదురుచూశారు. ప్రధాని వెన్ జియాబావో స్వయంగా వచ్చి జనానికి సర్దిచెప్పాల్సి వచ్చింది.

2009 డిసెంబర్ 26న వుహాన్-గ్వాంగ్‌జౌ హైస్పీడ్ రైలు మొదలైంది. పది గంటలు దాటే ప్రయాణం మూడు గంటలకి దిగింది. కానీ టికెట్ 490 యువాన్లు! మామూలు రైల్లో సీటు సుమారు 140కే వచ్చేది. దాంతో చాలామంది పాత రైలు క్యూలోనే నిలబడ్డారు. పక్క రాష్ట్రం గ్వాంగ్‌షీ వాళ్ళయితే భార్యాపిల్లల్ని ఎక్కించుకుని వేల బైకుల మీద ఊళ్ళకి పోయేవాళ్ళు. 2012 పండక్కి టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. కంప్యూటర్ తెలియనివాళ్ళు కౌంటర్‌కి చేరేసరికే అవి అయిపోయేవి.

2014 డిసెంబర్‌లో నాన్నింగ్, గ్వియాంగ్ వైపు కూడా హైస్పీడ్ లైన్లు పడ్డాయి. ఆ తర్వాత బైకుల బారులు ఏటేటా పలచబడ్డాయి.

రైలు ఎంత వేగంగా పోయినా, మన ఊరి దాకా రావాలి, మన జీతానికి అందాలి. టికెట్ రేటు చూసి సెలవు వాయిదా వేసుకున్న ప్రతివాళ్ళకీ ఈ లెక్క తెలుసు.